ఏటి కోసం గీసిన గుడ్డ

శ్రీకాళహస్తికి ఈసారి దర్శనం కోసం వెళ్లలేదు. అక్కడ కలంకారీ పని చేసే కొందరు ఆడవాళ్లు కలిసి స్వర్ణముఖి కథను ఒక పొడవాటి గుడ్డ మీద గీశారని, పండగలప్పుడు దాన్ని ఏటి ఒడ్డున కట్టి వచ్చేపోయేవాళ్లకు చూపిస్తున్నారని ఒక స్నేహితురాలు చెప్పింది. ఏరు బాగుపడాలని అర్జీలు పెట్టేవాళ్లున్నారు, కోర్టుకెక్కేవాళ్లున్నారు, ఊరేగింపులు తీసేవాళ్లున్నారు. వీళ్లు తమ చేతిలో ఉన్న కలంతో అడుగుతున్నారు. ఆ గుడ్డను చూడాలనిపించింది. మాఘమాసం చివర్లో, శివరాత్రికి ఊరు ముస్తాబవుతున్న రోజుల్లో బయల్దేరాను.

తిరుపతి నుంచి నేరుగా బస్సెక్కితే గంటకు కాస్త అటూ ఇటూ. కానీ ఏటిని చూడకుండా ఏటి బొమ్మను చూడడం నాకు సరిపడలేదు. పైనుంచి కిందికి, ఏరు పారే దారినే వెళ్దామనుకున్నాను. స్వర్ణముఖి పాకాల వైపు కొండల్లో పుట్టి, చంద్రగిరి, తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా సుమారు 130 కిలోమీటర్లు పోయి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఎగువన దీని ఉపనది కల్యాణి మీద 1970లలో కట్టిన డ్యామ్ నుంచి తిరుపతికి తాగునీళ్లు వెళ్తాయి. ఏడాది పొడవునా పారే ఏరు కాదిది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు ఎంత ఇస్తే అంత.

చంద్రగిరిలో ఎక్కువసేపు ఆగలేదు. తిరుపతికి దక్షిణాన ఒక వంతెన దగ్గర ఆటో ఆపించాను. 2021 నవంబరు వరదల్లో ఏరు ఏ మట్టం దాకా వచ్చిందో డ్రైవరు చేయెత్తి చూపించాడు. ఆ వరదకు ఈ చుట్టుపక్కల వంతెనలు దెబ్బతిన్నాయి, ఒడ్డున ఇళ్లు కూలాయి. "మా ఏరంటే ఏమనుకున్నారు మేడం, వచ్చిందంటే ఎవురూ ఆపలేరు" అన్నాడు. ఆ మాటలో భయంతో పాటు గర్వం కూడా వినిపించింది. వంతెన కింద సర్కారు తుమ్మ పొదలు అడవిలా అల్లుకుని ఉన్నాయి. వాటి మధ్య సన్నటి నల్లటి ధార ఒకటి కదులుతోంది. ఎక్కడి నీళ్లని అడిగాను. "టౌన్‌లోవి" అన్నాడు. అక్కడ నిలబడ్డంతసేపూ అతను కిందికి చూడలేదు, రోడ్డు వైపే చూశాడు.

ఏర్పేడు దారిలో పక్కకు మళ్లి గుడిమల్లం వెళ్లాను. క్రీస్తుకు పూర్వపుదని చరిత్రకారులు చెప్పే శివలింగం ఉన్న ఊరు అది. గర్భగుడి నేలమట్టానికి కిందికి ఉంటుంది. అరవై ఏళ్లకోసారి స్వర్ణముఖి నీళ్లు నేల లోపలినుంచి వచ్చి స్వామిని తడుపుతాయని ఊళ్లో చెప్పారు. 2005 డిసెంబరులో అలా వచ్చాయట. చెప్పినాయన తాను చూశానన్నాడు, మోకాలి దగ్గర చెయ్యి పెట్టి లోతు కూడా చూపించాడు. పక్కనున్న పూలమ్మే ఆవిడ, అప్పుడు తాను ఊళ్లో లేనంది. అరవై ఏళ్ల లెక్క ఎవరు వేశారో తేలలేదు. కానీ ఒక సంగతి మాత్రం నమ్మబుద్ధేసింది. ఏరు అక్కణ్నించి కొంత దూరంలో ఉంది. ఆ నీళ్లు గుడిలో పైకి రావాలంటే నేలలో నీటిమట్టం అంత పైకి లేవాలి. ఏరంటే పైన కనబడే నీళ్లొక్కటే కాదని, ఇసుక కింద, చేల కింద, ఊళ్ల కింద పాకే నీళ్లు కూడా ఏరేనని ఈ కథ చెప్పుకునేవాళ్లకు తెలుసు. పాపానాయుడుపేట మీదుగా మళ్లీ రోడ్డెక్కాను. గాజు పూసలకు పేరున్న ఊరు. దిగి చూసే ఓపిక ఆ మధ్యాహ్నం నాకు మిగల్లేదు.

శ్రీకాళహస్తి చేరేటప్పటికి ఎండ తగ్గింది. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన గాలిగోపురం 2010 మే నెలలో కూలిపోయింది, 2017లో కొత్తది లేచింది. గుడి పడమటి పక్కన ఏరు ఉత్తరానికి తిరిగి పారుతుంది. ఉత్తరవాహిని కాబట్టి ఇక్కడ స్నానం విశేషమని బోర్డులు చెబుతాయి. గుడి కట్టేటప్పుడు కూలీలు సాయంత్రం ఏట్లో మునిగి పిడికెడు ఇసుక తీస్తే, ఎవరు చేసిన పనికి తగ్గట్టు వాళ్ల చేతిలో అది బంగారమయ్యేదని కథ. చిన్నప్పుడు విన్నాను, ఇప్పుడు కొబ్బరికాయలమ్మే అబ్బాయి నోట మళ్లీ విన్నాను. అతను కథ పూర్తిచేసి, "ఇప్పుడూ అంతే అక్కా, ఇసికే బంగారం" అన్నాడు. ఒడ్డు దిగి చూశాను. చాలాచోట్ల ఇసుక లేదు. కింది బంకమట్టి బయటపడి ఎండకు పగుళ్లు తీసి ఉంది. గుడి దగ్గర కాస్త నీళ్లు నిలబడి ఉన్నాయి. ఇద్దరు ముసలివాళ్లు మెట్ల మీద కూర్చుని ఆ నీళ్లు నెత్తిన చల్లుకున్నారు. మునగలేదు.

కలంకారీ ఇల్లు గుడికి దూరంగా ఒక సందులో ఉంది. ముందు గదిలో నేల మీద పొడవాటి బల్లలు, వాటి మీద గోనెపట్టా, దాని మీద గుడ్డ. వాసన ముందుగా పలకరించింది. కరక్కాయ వగరు, పాల పులుపు, బెల్లం పులిసిన ఘాటు కలిసిన వాసన. ఐదారుగురు ఆడవాళ్లు పని చేస్తున్నారు. ఒకావిడ అందరికంటే పెద్దది, డెబ్భై దాటి ఉంటుంది. అందరూ ఆమెను పెద్దమ్మా అనే పిలిచారు, నేనూ అలాగే పిలిచాను. ఈ కథంతా మొదలుపెట్టింది మాత్రం ఆమె మనవరాలు. డిగ్రీ చదివి, తిరుపతిలో ఒక దుకాణంలో కొన్నాళ్లు పనిచేసి, మానేసి వచ్చి కలం పట్టిన పిల్ల.

ఏటి గుడ్డ చూపించమంటే పెద్దమ్మ తొందరపడలేదు. "ముందు గుడ్డ ఎట్ల తయారవుతాదో చూడు మా, తర్వాత బొమ్మ చూద్దువు" అంది. ఆ మాట ఎందుకందో ఆ సాయంత్రం అర్థమైంది.

కోరా గుడ్డను ముందు గంజి పోయేదాకా ఉతకాలి. తర్వాత కరక్కాయ పొడీ గేదెపాలూ కలిపిన నీళ్లలో నానబెట్టి పిండి ఆరేయాలి. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. ఆరిన గుడ్డ మీద చింతపుల్లల బొగ్గుతో బొమ్మ గీస్తారు. గీతలకు నల్లరంగు కసిం. ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో పోసి రెండు మూడు వారాలు పులియబెడితే వస్తుంది. కుండలో ఉన్నప్పుడు అది నలుపు కాదు, పల్చటి గోధుమరంగు కషాయం. కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడ్డాక నల్లబడుతుంది. కలం అంటే వెదురు పుల్ల. దాని నడుమ ఉన్ని చుట్టి దారంతో బిగిస్తారు. ఉన్నిని వేలితో నొక్కితే రంగు మొనకు దిగుతుంది. ఎంత నొక్కితే గీత అంత లావు. ఆ నొక్కుడే విద్య అని పెద్దమ్మ చెప్పింది. నేను ఒక గీత గీస్తానంటే పాత గుడ్డపేలిక ఇచ్చింది.

ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు పూస్తారు. ఒకరోజు ఆగి గుడ్డను ఉతుకుతారు. అసలు సంగతి ఇక్కడే ఉంది. గుడ్డ పీల్చుకోగా మిగిలిన పటిక నీళ్లలో కరిగి బయటికొస్తుంది. నీళ్లు పారుతుంటే ఆ పటిక కొట్టుకుపోతుంది. నీళ్లు నిలబడి ఉంటే అది తిరిగి గుడ్డకే పట్టుకుంటుంది, ఎరుపు ఉండకూడని చోట. తర్వాత ఎర్రరంగు నీళ్లలో వేసి ఉడకబెట్టినప్పుడు ఆ తప్పంతా బయటపడుతుంది. రాముడి ముఖం మీద ఎర్ర మచ్చ వస్తుంది. అందుకే ఈ పనికి పారే నీళ్లు కావాలి. గుడ్డను మోకాలి లోతు నీళ్లలో చాచి పట్టుకుంటే ఏరే ఉతుకుతుంది. ఉతికాక ఇసుక మీద పరిచి ఆరబెడతారు. తెల్లగా ఉండాల్సిన చోటు తెల్లబడడానికి పేడనీళ్లలో నానబెట్టి, ఇసుక మీద పరిచి, ఎండలో నీళ్లు చల్లుతూ ఉంటారు. శుభ్రమైన ఇసుక, ఎండ, పారే నీళ్లు ఒకేచోట దొరికే ఒడ్డు కాబట్టే ఈ పని ఇక్కడ నిలిచిందని పెద్దమ్మ నమ్మకం. గుడి పోషణ వల్లనే నిలిచిందని అంతకుముందు బజారులో ఒక వ్యాపారి చెప్పాడు. రెండూ నిజమే అయ్యుండొచ్చు. వెనకటికి గుళ్లలో కట్టే తెరలు, పందిరి గుడ్డలు ఇక్కడినుంచే వెళ్లేవి. మధ్యలో దాదాపు ఆగిపోయిన పనికి 1950ల చివర్లో ఇక్కడ శిక్షణ మొదలయ్యాక మళ్లీ ఊపిరొచ్చింది. ఈ శతాబ్దం మొదట్లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

"ఇప్పుడు ఎక్కడ ఉతుకుతున్నారు?" అని అడిగాను.

మనవరాలు పెరట్లోకి తీసుకెళ్లింది. సిమెంటు తొట్లు రెండు, ఒకటి పైన, ఒకటి కింద. బోరు నీళ్లు పైతొట్లో పడి, పొంగి కింది తొట్లోకి, అక్కణ్నించి మురిక్కాలువలోకి పోతున్నాయి. ఏరు లేనిచోట ఏటిని కట్టుకున్నారు. "ఒక్క గుడ్డ పూర్తయ్యేసరికి ఎనిమిది తొమ్మిదిసార్లన్నా ఉతకాల అక్కా. బోరు ఎంతసేపని పోస్తాది? ఎండాకాలం వస్తే ట్యాంకరు తెప్పిస్తాం" అంది. తొట్టి అంచున తుప్పురంగు చార కట్టి ఉంది. నీళ్లలో ఇనుము ఉందని తెలుస్తోంది. ఇనుము తగిలితే ఎరుపు మాసిపోతుంది, గోధుమరంగుకు తిరుగుతుంది. పెద్దమ్మ రెండు గుడ్డలు పక్కపక్కన పరిచింది. ఒకటి ఆమె పెళ్లైన కొత్తల్లోది, ఏట్లో ఉతికినది. రెండోది కిందటేడాదిది. పాతదాని ఎరుపులో ఇంకా జీవం ఉంది. చిరివేరుతో వేసిన రంగు అది. కొత్తదానికి ఏం వాడారని అడిగితే మొదట మంజిష్ఠ, సురుడు చెక్క అన్నారు. గది మూలన ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఎర్రటి పొడి కూడా ఉంది. మనవరాలు నా చూపు కనిపెట్టి, "అలిజరిన్ అక్కా. ఆర్డరు ఎక్కువుంటే వాడతాం" అని తనే చెప్పింది. కాబట్టి రెండు ఎరుపుల మధ్య తేడాలో నీళ్లది ఎంత, వేరుది ఎంత అన్నది నేను విడదీయలేకపోయాను. ఇనుము ఎరుపును చెడగొట్టడం మాత్రం అద్దకం తెలిసినవాళ్లెవరైనా ఒప్పుకునే సంగతి.

మసక పడ్డాక ఏటి గుడ్డ తీశారు. నేల మీద చాలక వసారాలోకి కూడా పరచాల్సి వచ్చింది. గుడికి వేసే తెరల్లో లాగే నడుమ పెద్ద బొమ్మ, చుట్టూ వరసలు వరసలుగా చిన్న గళ్లు, ప్రతి గడి కింద తెలుగులో ఒక వాక్యం. రామాయణ భారతాలు చెప్పే తీరే ఇది. కథ మాత్రం ఏటిది. కొండల్లో చిన్న ఊట, చంద్రగిరి కోట, తిరుచానూరులో పద్మాలు, గుడిమల్లంలో నీళ్లలో మునిగిన లింగం, కాళహస్తిలో సాలెపురుగు, పాము, ఏనుగు. ఇవి నేను ఊహించినవే. చూస్తూ పోతుంటే కింది వరసల్లో తీరు మారింది. దేవుళ్లు తప్పుకుని మనుషులు వచ్చారు. గళ్ల కింద రాతలు కూడా మారాయి. 'ఇక్కడ మా అత్త గుడ్డ జాడించింది.' 'ఇక్కడ మా ఆయన ఈత నేర్చాడు.' 'ఇక్కడ చెలమ తీసి బిందె నింపినాము.' ఎవరి గడి వాళ్లే గీసి, ఎవరి మాట వాళ్లే రాసుకున్నారట. ఒకామె గడిలో రథం ఉండాల్సినచోట నీళ్ల ట్యాంకరు ఉంది. చక్రాలు మాత్రం రథచక్రాలే, ఆకులతో, పూలతో. ఆ గడి ముందు చాలాసేపు కూర్చున్నాను. ఎవరూ నేర్పకుండా, ఎక్కడా చూసి గీయకుండా పుట్టిన బొమ్మ అది.

నడుమ బొమ్మ దగ్గర గొడవ జరిగిందని చెప్పారు. కలంకారీలో రంగులకు ఒక కట్టుబాటు ఉంది. దేవుళ్లకు నీలం, స్త్రీలకు పసుపు, రాక్షసులకు ఎరుపు. ఏరు ఆడది కాబట్టి పసుపు వేయాలని ఒకరు, దేవత కాబట్టి నీలమని ఇంకొకరు. మనవరాలు మాత్రం నల్లగా వేద్దామంది. ఇప్పుడున్నది నలుపే కదా అని ఆమె వాదన. పెద్దమ్మ కలం కింద పెట్టేసి రెండు రోజులు పనిలోకి రాలేదట. "తల్లిని నల్లగా గీస్తే ఆ పాపం ఎవురికి? ఆయమ్మ మురికి చెయ్యలే, మనం చేసినాం" అన్నది ఆమె మాట. మనవరాలి మాట వేరు. "అవ్వ చెప్పింది రైటే అక్కా. కానీ అందంగా గీస్తే జనం దండం పెట్టి పోతారు. నీళ్ల గురించి మాట్లాడరు." చివరికి ఏటి తల్లిని పసుపుతోనే గీశారు, మొసలి మీద కూర్చోబెట్టారు. ఆమె కాళ్ల దగ్గర పారే నీళ్లను మాత్రం సగం నీలంతో, సగం కసింతో నింపారు. రెండు రంగులూ కలిసేచోట గీత లేదు. ఎక్కడ నీలం ఆగిందో, ఎక్కడ నలుపు మొదలైందో చెప్పలేం. ఎవరు గీశారని అడిగితే అవ్వా మనవరాలూ ఒకరినొకరు చూపించుకున్నారు.

నాకు ఆ పిల్ల మాటే సరైనదనిపించింది. నదుల కోసం వేసే బొమ్మలు నేను చాలాచోట్ల చూశాను. వంతెనల గోడల మీద తేటనీళ్లు, చేపలు, తామరలు, పక్కన ఒక నినాదం. కింద పారేదానికీ గోడ మీదిదానికీ సంబంధం ఉండదు. ఆ బొమ్మ వేసినవాళ్లకు ఆ నీళ్లతో రోజువారీ పని ఏదీ ఉండదు, అందుకే అలా ఉంటుందేమో. ఈ గుడ్డ వేసినవాళ్లకు ఆ నీళ్లు కావాలి. పుణ్యానికి కాదు, ఉతకడానికి. అది ప్రతి గడిలోనూ తెలుస్తోంది.

పొద్దున్నే గుడ్డను ఒడ్డుకు తీసుకెళ్లారు, నేనూ వెంట వెళ్లాను. రెండు గుంజలు పాతి, తాళ్లతో కట్టారు. కార్తీక సోమవారాల్లో జనం బాగా ఆగి చూస్తారని, పోయిన కార్తీకంలో దీపాలు వదలడానికి వచ్చినవాళ్లు అక్కడే నిలబడి గంటలు గంటలు మాట్లాడారని నాతో చెప్పి ఉన్నారు. ఆరోజు ఆగినవాళ్లను నేను గమనిస్తూ కూర్చున్నాను. చాలామంది ఫోన్లో ఫొటో తీసుకున్నారు. కొందరు కాళహస్తి గడిని గుర్తుపట్టి దండం పెట్టారు. ఎక్కువమంది అడిగింది ఒకటే, "ఎంతకిస్తారు?" అమ్మడానికి కాదంటే, ఇలాంటిదే చిన్నది ఉందా అన్నారు. బెంగళూరు నుంచి వచ్చిన ఒక జంట చీర మీద వేసిస్తారా అని అడిగి నంబరు తీసుకుంది. మనవరాలు ప్రతివాళ్లకూ ఓపిగ్గా మొదటి గడినుంచి చెప్పుకొచ్చింది. మూడో వరసదాకా నిలబడినవాళ్లు తక్కువ. ఒక బడిపిల్లల గుంపు మాత్రం అన్ని గళ్లూ చదివింది. ట్యాంకరు గడి దగ్గర వాళ్లు ఆగి ఒకరినొకరు పిలుచుకున్నారు. "మా వీధికొచ్చేది ఇదే" అన్నాడొకడు.

పదిగంటల వేళ ఒక రైతు సైకిలు దిగి వచ్చాడు. ఏటి కిందివైపు పల్లె. తలగుడ్డ విప్పి భుజాన వేసుకుని, ఒక్క మాట మాట్లాడకుండా మొత్తం చూశాడు. తర్వాత పెద్దమ్మ వైపు తిరిగి, "అంతా బాగుండాది గానీ, ఇసిక యాడ?" అన్నాడు.

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. ఆయన వివరించాడు. వాళ్ల పల్లెకు ఊటకాలువ ఉండేది. ఏట్లో నీళ్లు పైకి కనబడని నెలల్లో కూడా ఇసుకలో కాలువ తవ్వితే ఊట దిగేది. ఆ ఊటను చేలదాకా తెచ్చుకునేవాళ్లు. ప్రతి ఏడూ ఊరంతా కలిసి పూడిక తీసేవాళ్లు, ఎవరింటికి ఎంత పని అని లెక్క ఉండేది. నీళ్లను దాచిపెట్టింది ఇసుక. అది పలచబడ్డాక వాన పడితే వచ్చిన నీళ్లు వచ్చినట్టే సముద్రానికి పోతున్నాయి, లేదా బంకమట్టి మీద నిలిచి ఎండిపోతున్నాయి. ఒడ్డు బావులు, వాటి తర్వాత బోర్లు ఎండాయి. "మీరు నీళ్ల బొమ్మ వేసినారు. నీళ్లు వస్తాయి, పోతాయి. ఇసిక పోతే మళ్లా రాదు మా" అన్నాడు. వరద వస్తే కొంత ఇసుక తిరిగి చేరుతుందని నేను చదివి ఉన్నాను. ఆ మాట అంటే, "చేరతాది. తీసినంత చేరదు" అన్నాడు. అంతకుమించి ఆ సంగతి పొడిగించలేదు. ఎవరు తీశారు, ఎంత తీశారు అన్న ప్రశ్నకు ఒడ్డున ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెప్పారు. వాటిని సరిచూసే దారి నాకు లేకపోయింది, అందుకని ఇక్కడ రాయడం లేదు. బంకమట్టి పగుళ్లు మాత్రం నేను కళ్లారా చూశాను.

పెద్దమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఇసుక మీద గుడ్డ ఆరేసిన మనిషి ఆమె. ఇసుక అవసరం ఆమెకు తెలియక కాదు. కాళ్లకింద ఎప్పుడూ ఉన్నదాన్ని గీయాలని తట్టలేదంతే అని నాకనిపించింది. రైతు వెళ్లాక ఆమె పాత రోజులు చెప్పుకొచ్చింది. చిన్నప్పుడు ఏట్లో ఎక్కడ చెయ్యి పెట్టి తవ్వినా మోచేతి లోతులో నీళ్లు తగిలేవట. ఉతికే వాళ్లందరికీ తలా ఒక చోటు ఉండేదట. పొద్దున పరిచిన గుడ్డ మధ్యాహ్నానికి పెళపెళలాడేదట. 2021 వరద తర్వాత కొన్ని నెలలు ఏరు పారితే, ఇంట్లో అందరూ తొట్లు వదిలేసి గుడ్డలు మోసుకుని ఒడ్డుకు పరిగెత్తారు. "ఆ ఏడు వేసిన గుడ్డలు చూడు, రంగు ఎట్లుండాదో" అంది. ఇంటికెళ్లాక ఒకటి చూపించింది. ఎరుపు నిజంగానే తేటగా ఉంది. దానికి ఏ రంగు వాడారని ఈసారి నేను అడగలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక గుడ్డను మళ్లీ వసారాలో పరిచి, ఇసుకను ఎక్కడ వేయాలి, ఎలా వేయాలి అని మాట్లాడుకున్నారు. అన్ని గళ్లూ నిండిపోయాయి. కింద అంచు కోసం వదిలిన పట్టీ ఒక్కటే ఖాళీ. అక్కడ మామూలుగా పూలతీగ వస్తుంది. తీగ మానేసి ఆ పట్టీ పొడవునా ఇసుకే వేద్దామన్నారు. రంగు పూయనక్కర్లేదు, కరక్కాయ పాలు పట్టిన గుడ్డ రంగే ఇసుక రంగని ఒకామె అంది. దాని మీద కసింతో చుక్కలు పెడితే సరి. అక్కడక్కడా చెలమలు, ఒకచోట ఊటకాలువ, దాని పూడిక తీసే ఊరి జనం. రైతును మళ్లీ పిలిచి ఊటకాలువ ఎలా ఉండేదో అడిగి గీయాలని తీర్మానించారు. ఎవరి దగ్గరా ఆయన నంబరు లేదు. పల్లె పేరు తెలుసు, వెళ్లి వెతుకుతామన్నారు.

చుక్కల పని పెద్దమ్మ తీసుకుంది. చుక్క ఒకే సైజులో రావాలంటే కలాన్ని ఒకే తీరుగా నొక్కాలి, వయసులో ఉన్నవాళ్లకు అంత ఓపిక ఉండదంది. ఉగాదికి ముందు పూర్తి చేస్తానంది. చుక్కలయ్యాక మళ్లీ ఉతకాలి, ఆ ఉతుకు తొట్లోనే.

ఆ తర్వాత ఎక్కడ కట్టాలన్నది మిగిలింది. కాళహస్తిలో కట్టి లాభం తక్కువని మనవరాలి అభిప్రాయం. "పైనుంచి వచ్చే నీళ్లను ఇక్కడ నిలబడి అడిగితే ఎట్లక్కా? పైనున్నోళ్లకు కదా చూపించాల." తిరుపతిలో వంతెన దగ్గర, తిరుచానూరులో, చంద్రగిరిలో, ఏటి పక్కనున్న బళ్లలో కట్టాలని ఉంది. గుడ్డను మోయడానికి ఆటో ఛార్జీలు, పని మానుకుంటే పోయే కూలి ఎంతవుతుందో వేళ్ల మీద లెక్క వేశారు. పెద్దమ్మకు వంతెన నచ్చలేదు. దుమ్ముకు గుడ్డ పాడవుతుందని భయం. బళ్లలో అయితే సరేనంది. పిల్లలు అన్ని గళ్లూ చదివారని ఆమె కూడా గమనించింది.

నా బస్సుకు ఇంకా వేళ ఉంది. మనవరాలు నా పక్కన కూర్చుని, తిరుపతిలో బళ్లో కట్టాలంటే ఎవర్ని అడగాలి, వంతెన దగ్గరైతే ఎవర్ని అడగాలి అని అడిగింది. నాకు తెలిసినంతవరకూ చెప్పాను. బడికి హెడ్‌మాస్టరు చాలు, పెద్ద బళ్లకైతే పైనుంచి కాగితం కావాలంటారు, రోడ్డు పక్కనైతే కార్పొరేషన్‌తో పాటు పోలీసు అనుమతి కూడా చూసుకోవాలి, అర్జీలో గుడ్డ కొలత, కట్టే రోజులు, కట్టేవాళ్ల పేర్లు రాయాలి. ఆమె ఫోన్లో టైపు చేసుకుంటూ, కొలత దగ్గర ఆగి, టేపు తీసుకురమ్మని లోపలికి కేకేసింది.